బ్రిక్

మొదటిరోజు నాలుగుసార్లు వెనక్కి తిరిగినా.
"బ్రిక్!" అని ఎవరో అరుస్తారు,
సారువ మీద నేను తాపీ ఆపుతా,
ఇటుక ఎవరికి కావాలబ్బా అని.
కింద గంగాద్రి కూడా తట్ట దించి చూస్తాడు.
ఎవరికీ అక్కర్లేదు.

సర్జాపుర రోడ్డులో పద్నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు.
వెనకాల కాంపౌండు గోడ మా పని.
గోడకానుకునే పిల్లోళ్ల బాస్కెట్‌బాల్ కోర్టు,
ఒక ఇనుపరింగు, సగం తెగిన వల,
సాయంత్రం అయిదయ్యేసరికి బూట్ల కిచకిచ.

నెల్లూరోళ్ల పిల్లోడొకడు ఉన్నాడు, జశ్వంత్.
కన్నడం, ఇంగ్లీషు, మధ్యలో మన మాట.
వాణ్ణి అడిగినా,
ఏంది నాయనా, పొద్దుగూకేదాకా ఇటుక ఇటుక అంటారు?
వాడు నవ్వినాడు.
"బంతి పోయి రింగుకి గట్టిగా తగిలి
లోపల పడకుండా ఎటో ఎగిరిపోతే
అది బ్రిక్ అంకుల్. ఇటుక విసిరినట్టు ఉంటుంది కదా.
దేనికీ తగలకపోతే ఎయిర్‌బాల్.
వలని మాత్రమే తాకితే స్విష్.
నేనివాళ ఆరు బ్రిక్కులు వేశాను."

ఆరు!
నేను రోజుకి ఏడొందలు వేస్తా.

రాత్రి రేకుల షెడ్డులో, దోమల్లో, అదే ఆలోచన.
ఇటుకంటే తప్పా?
మాలూరు నుంచి లోడు దిగితే ముందు నేను చేసేది
రెండు తీసి ఒకదానికొకటి కొట్టడం.
ఖంగుమంటే కాలినట్టు.
దబ్బుమంటే పచ్చిది, పక్కన పెట్టు.
కాలినదాన్ని తొట్టిలో ముంచాల,
బుడబుడా ఊపిరి వదిలి అదే ఆగేదాకా.
దాహం తీరని ఇటుక
మాలులో తడంతా తాగేస్తుంది,
గోడ గోడ కాకముందే బీటలు.
ఇంత సంగతుంది దాంట్లో.
ఆ పిల్లలకి ఎవరు చెప్తారు.
చెప్పాల్సిన పని కూడా లేదులే.

విస్మయ అని ఒక పిల్ల.
అందరూ పోయినాక లైటు కింద ఒక్కతే వేస్తా ఉంటాది.
మోచేయి పక్కకి పోతాంది, నాకే తెలుస్తాంది,
తూకపు గుండు వేలాడదీస్తే జానెడు తేడా.
ఖణ్.
ఖణ్.
ఖణ్.
లెక్కపెట్టినా. ఇరవై రెండు.
ప్రతిదానికీ తనే మెల్లగా చెప్పుకుంటాంది, బ్రిక్, బ్రిక్,
కూలీల హాజరు పిలిచినట్టు.

తాపీ కడుక్కుంటా ఉండబట్టలేక
నాకొచ్చిన కన్నడంలో అన్నా,
మోగుతాంది కదమ్మా, మోగేది మంచి ఇటుక అని.
ఆ పిల్ల భుజంతో చెమట తుడుచుకుని
"ఆదరె పాయింట్ బరల్వల్లా అంకల్" అన్నది.
పాయింటు రాదు కదా, అని.
నిజమే.
మాకూ ఇటుకకే కూలి, మోతకి కాదు.

గోడ అయిపోయింది.
రసమట్టం పెట్టి చూసుకున్నా, బుడగ నడిమధ్యన నిలబడింది.
విస్మయ ఆ వారం రాలేదు, పరీక్షలంట.
వేసిందో లేదో నాకు తెలీదు.

ఇప్పుడు దేవనహళ్లి పక్క, ఇంకో పని.
పొద్దున్నే కింద నుంచి గంగాద్రి విసురుతాడు,
మధ్యలో వాడి బామ్మర్ది, పైన నేను.
మణికట్టు చివర చిన్న విరుపు,
ఇటుక బొంగరం తిరక్కుండా నిటారుగా లేస్తుంది.
పైకొచ్చి, దిగబోయే ముందు,
ఒక్క చిటికె సేపు బరువు మర్చిపోతుంది చూడు,
అక్కడ పెట్టాల చెయ్యి.
ముందు పెడితే వేళ్లు పగుల్తాయి.
ఇరవై ఏళ్లుగా చేస్తాన్న పనే,
ఇప్పుడు చూస్తాన్నా.

నిన్న ఒకటి జారింది.
ఇసుక కుప్ప తప్పించి రాయి మీద పడి రెండైంది.
గంగాద్రి తల పైకెత్తి
గొంతు చించుకుని అరిచినాడు,
"బ్రిక్!"

ఒడిశా కుర్రోళ్లు పని ఆపి చూసినారు.
ఒకడు పరిగెత్తుకుంటా మెట్లెక్కొచ్చి
రెండు ఇటుకలు నా కాళ్లకాడ పెట్టి పోయినాడు.