మొదటి దోసె పెనానికే

రెండొందల యాభై డిగ్రీల ఇంట్లో
నా చిటికెన వేలంత గాజు గొట్టం.
లైనర్ అంటాం.
దానికి వేరే పని లేదు, దారి ఇవ్వడం తప్ప.

నార్పల నుంచి వచ్చిన చీనీకాయల్ని
తొక్కతో సహా నూరి, వడగట్టి
సూదిలో ఒక్క మైక్రోలీటరు ఎక్కిస్తాను.
చీమకైనా దాహం తీరదు అంత బొట్టుతో.
పొడవగానే ఆవిరి.

కొన్ని మందులు మొండివి.
ఏ గోడకు రాసుకున్నా చెక్కుచెదరవు.
కొన్ని అట్లా కాదు,
మెథామిడోఫాస్, ఎసిఫేట్,
ఎవరు పలకరించినా నిలబడిపోయే రకం.
గాజు ఒంటి మీద కంటికి ఆనని చేతులుంటాయి,
హైడ్రాక్సిల్ చేతులు.
చెంగు పట్టుకుని లాగుతాయి.
విడిపించుకున్నవి తోక ఈడ్చుకుంటూ ఆలస్యంగా వస్తాయి.
విడిపించుకోలేనివి రావు.
ఎండ్రిన్ సంగతి మరీను:
ఒక పేరుతో గడప ఎక్కి
రెండు పేర్లతో బయటికొస్తుంది.
గ్రాఫు చూసి మనం
వచ్చినవాళ్లు వీళ్లే అనుకుంటాం.

అమ్మ కొత్త పెనం కొన్నప్పుడు
ఆముదం పూసి, కాల్చి, మళ్లీ పూసి
మూడు రోజులు వంకాయ తొడిమెతో రుద్దింది.
"ఇనుముకు ఆకలుంటాది,
అది తీరేదాకా మనకు పెట్టదు."
అయినా మొదటి దోసె పెనానికే.

గాజుకూ అదే చేస్తారు కంపెనీవాళ్లు.
సైలేన్ పట్టించి
ఒక్కో చేతికీ తొడుగు తొడుగుతారు.
డబ్బా మీద ఇనర్ట్ అని అచ్చేసి
మా ఇంటి నెల బియ్యం ధర వేస్తారు.
తొడుగు ఎన్నాళ్లుంటుంది?
నలభై పోట్లు, తొక్క నూనె, చక్కెర మసి.
లోపలి గాజు ఉన్ని విరిగిన ప్రతిచోటా
మళ్లీ చేతులు మొలుస్తాయి.

మంగళవారం సాయంత్రం తిప్పేస్వామి లోడుకు
"దొరకలేదు" అని రాసి సంతకం పెట్టాను.
ఆయన కాగితం చదివించుకుని
"అంటే లేదనే కదమ్మా" అన్నాడు.
తల ఊపాను.
దొరకలేదుకూ లేదుకూ నడుమ
ఒక గాజు గొట్టం ఉందని చెప్పలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
పొద్దున పోసిన స్టాండర్డు శిఖరం
దుక్కిలో కూలబడ్డ ఎద్దులా ఉండింది.
చూశాను.
పర్వాలేదులే అనుకున్నాను.

బుధవారం, వన్నూరప్ప సారు ఇంకా రాలేదు.
ఇన్‌లెట్ చల్లార్చి, నట్టు విప్పి
పాతదాన్ని పట్టకారుతో తీశాను.
బెల్లం అడుగంటినట్టుంది లోపల.
కొత్తదాన్ని వేలిముద్ర పడకుండా దించి
రింగు మార్చి, వేడెక్కించి
మందు కొట్టని తోట రసం రెండుసార్లు ఎక్కించాను.
పెనానిది పెనానికి.
ఆ తర్వాతే తిప్పేస్వామి సీసా.

ఆరో నిమిషం దాటగానే
సన్నగా, నిటారుగా
తుమ్మముల్లులా లేచింది.
హద్దు గీతకు రెట్టింపు.

సారు వచ్చి చూశాడు.
చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"లోడు పోయుంటాది షంషాదూ" అన్నాడు,
పోయి ఉంటే బాగుండనే గొంతుతో.

ఫోను ఎత్తాడు తిప్పేస్వామి. వెనక లారీల హోరు.
రాత్రంతా టైరుతోనే సరిపోయిందట.
"ఏమ్మా, నిన్న లేదంటివే,
రాత్రికి రాత్రి యాడినుంచి వచ్చె అది?"
యాడినుంచీ రాలేదు పెద్దాయనా.
నిన్న కూడా ఉండింది.
నా గాజు తినేసింది.

గాజు తినడమేమిటో ఆయనకెట్లా చెప్పాలి?
దోసె గురించి చెప్పాను.
పెనం, ఆకలి, వంకాయ తొడిమె, అన్నీ.
నవ్వలేదు. తిట్టనూ లేదు.

టిష్యూ కాగితం మీదున్న పాత లైనర్ ఎత్తి
కిటికీకి పట్టి చూశాను.
అనంతపురం ఎండ దాని గుండా
కాస్త మాడి వచ్చింది.

చెవిలో, నాతో కాదు, పక్కనెవరితోనో
తిప్పేస్వామి గొంతు:
"బండి తిప్పురా."