సొర రాలేదు

అజ్మాన్ చేపల బజారులో
నా నంబరు నలభై ఒకటి.
మైలపిల్లి దానయ్య అని కార్డు మీద ఉంది గానీ
ఎవరూ చదవరు.
"ఇక్తాలీస్, పొలుసు తియ్" అంటారు,
తీస్తాను.

పద్నాలుగేళ్లు.
కత్తి అరిగి చాకయింది, చాకు అరిగి పుల్లయింది.
షేరీ, హమ్మూర్, కనాద్ అని నాలిక మళ్లింది గానీ
చేతికి అవి ఇంకా మా ఊరి కోనాలూ గొరకలే.
పట్టుకుంటే తెలుస్తుంది
కడుపులో గుడ్డుందో లేదో,
నిన్నటిదో మొన్నటిదో,
ఐసు కింద ఎన్నిసార్లు దొర్లిందో.

ఒక్కటి మాత్రం తెలియదట.
లేబు నుంచి నెలకోసారి వచ్చి
బొటనవేలంత ముక్క సీసాలో వేసుకుపోయే
షైనీ చెప్పింది:
"చేట్టా, ఇందులో పాదరసం ఉంది."

నవ్వొచ్చింది.
పాదరసం నాకు తెలుసు.
పూండి ఆసుపత్రిలో జ్వరం గొట్టం పగిలిన రోజు
గచ్చు మీద పరిగెత్తిన వెండి గుండ్లు!
పట్టుకుంటే చీలేవి, వదిలితే కలిసేవి,
వాటితో ఆడుతూ
నా జ్వరం నేనే మరిచిపోయాను.

"అది కాదు. ఇది మెరవదు."
తడి బల్ల మీద వేలితో గీసింది:
బొగ్గు పొగలోంచి వానలోకి,
వానలోంచి అడుగు బురదలోకి,
బురదలోంచి నలుసంత పురుగులోకి,
పురుగుల్ని మింగిన నెత్తలి,
వెయ్యి నెత్తళ్లు తిన్న కనాద్,
కనాద్‌ను తరిమి పట్టిన సొర.
తిన్నవాడల్లా తిన్నదాని బాకీ
తన పేరున రాసుకుంటాడు. ఎవడూ తీర్చడు.
మనిషి అడుగుపడని మంచు సముద్రాల్లో
సీలు మాంసంలో కూడా ఇదే ఉందట.

బాకీ అంటే నాకు అర్థమవుతుంది.
ఏజెంటుకు కట్టిన లక్షా ముప్ఫై వేలు
కిందికి దిగి దిగి
మా ఆవిడ పుస్తెల దగ్గర ఆగింది.
నీళ్లలో లెక్క వేరు,
కిందోళ్ల బాకీలన్నీ ఎక్కి ఎక్కి
పెద్దోడి ఒంట్లో చేరతాయి.
కాస్త న్యాయంగానే ఉందే అనుకున్నాను

పాలసొర గుర్తొచ్చేదాకా.

మా గదికీ పక్క గదికీ మధ్య ప్లైవుడ్.
అవతల సూరాడ కామేశు పెళ్లాం రాజులమ్మ,
పన్నెండు రోజుల బాలింత.
భావనపాడు నుంచి వాళ్లమ్మ ఫోనులో ఒకటే పోరు:
"సొర పిట్టు ఎట్టండర్రా,
ఎల్లిపాయలు దండిగా ఏసి. పాలు పడతాయి."
మా అమ్మా అదే తిని నాకు పాలిచ్చింది.
ఆ దారినే ఈ బాకీ,
అందరినీ తిన్న నోట్లోంచి
ఇంకా ఎవర్నీ తినని నోట్లోకి.

ఉప్పేసి కడిగాను. పసుపు రాసి కడిగాను.
నిమ్మకాయ పిండాను.
"నీచు పోతుంది చేట్టా, అది పోదు.
పైన లేదు, కండలో ఉంది."

"సొర రాలేదు రాజులమ్మా" అన్నాను మంగళవారం.
బుధవారం కూడా.
తలలు గిల్లి నెత్తళ్లు ఇచ్చాను.
అబద్ధం నాకు కొత్త కాదు,
ఇంటికి ఫోను చేసినప్పుడల్లా
బావున్నాననే చెబుతాను.

సొర వచ్చింది. రోజూ వస్తుంది.
తొమ్మిదో బల్ల మీద వరసగా పడుకుంటాయి
మూరెడు పిల్లలు, కళ్లు తెరిచి.
నల్ల అబాయాలో ఒక ముసలామె
రెండు కిలోలు తూయించి నా ముందు పెట్టింది.
కూతురికా, కోడలికా, అడగలేదు.
నా అరబ్బీ బేరం వరకే,
పాదరసాన్ని ఏమంటారో రాదు.
తోలు వలిచాను.
చిన్న ముక్కలు చెయ్యమంది, చేశాను.
రెండు దిర్హాములు ఎక్కువిచ్చి దీవించి పోయింది.

రాత్రి ప్లైవుడ్ అవతల
పిల్లాడు కాళ్లు తన్నుకుంటున్న చప్పుడు.
"ఒక్క చోట ఉంటాడా, పాదరసం!"
మురిసిపోతోంది రాజులమ్మ.

చెక్క మీద చెయ్యి పెట్టాను.
తట్టలేదు.
వేళ్లకింకా సొర వాసన.