తుమ్ము తర్వాత

ఆదివారం, తెల్లారగట్ల నాలుగింటికి
సైదాపేట ఇంట్లో సింకు ముందు
మెడ పక్కకి వాల్చి నిలబడతాను.
కొమ్ముచెంబులోంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు
కుడి ముక్కులో పోస్తే
ఎడమ ముక్కులోంచి రావాలి.
వస్తే సముద్రం.
రాకపోతే ఉతకాల్సిన బట్టలున్నాయి.

ఇవాళ మూడు చుక్కలు రాలాయి.

డాక్టర్ కౌసల్య స్కాన్ ఫిల్ముని వెలుతురుకి పెట్టి
"మొహం వెనక ఎనిమిది గదులుంటాయమ్మా,
నీవాటిలో అయిదింటికి తలుపులు బిగుసుకుపోయాయి" అంది.
అద్దె కట్టకుండా లోపలెవరున్నారో అన్నాను. నవ్వలేదు.
పడనివాటి జాబితా రాసింది:
పరుపులో పురుగులు, బొద్దింకల పొట్టు, వానాకాలపు బూజు.
మెట్రో తవ్వకాల దుమ్ము నేనే కలుపుకున్నాను.
"మరి సముద్రం?"
"సముద్రం నీకు పడుతుంది.
ఇలా ఉన్నప్పుడు నువ్వే సముద్రంలో పడకూడదు."

పెరుంగుడి ఆఫీసులో నా ఈ పిచ్చి విని
అందరూ ముక్కున వేలేసుకున్నారు.
నేను రెండు వేళ్ళేసుకుంటాను,
గట్టిగా నొక్కి ఊదుతాను, ప్రతి మీటరుకీ.
నా ఆశ్చర్యం అంత.

మా పెద్దత్త వరదమ్మ
గడప దాటబోతూ ఎవరు తుమ్మినా
చెప్పులు విడిపించి కూర్చోబెట్టేది.
శతాయుష్షు అని దీవించి
గ్లాసుడు మంచినీళ్ళిచ్చి
రెండో తుమ్ము కోసం మొహంలోకి చూసేది.
ఆ లెక్కన నేను
మూడేళ్ళుగా గుమ్మంలోనే ఉండాలి.

కిందటి మార్చిలో కూర్చోలేదు.
కోవళం ఒడ్డున మాత్ర మింగాను.
గాలి ఆడింది, చెవులు టప్పుమని తెరుచుకున్నాయి,
పన్నెండు మీటర్ల కింద
తెగిన వల చుట్టుకున్న రాతిమీద
చిలకచేప కొరుకుతున్న చప్పుడు కూడా విన్నాను,
ఎవరో పక్కింట్లో అటుకులు నములుతున్నట్టు.
అక్కడ మాత్ర పని అయిపోయింది.

దిగేటప్పుడు తలుపు తెరుచుకోకపోతే
వెనక్కి రావచ్చు.
ఎక్కేటప్పుడు తెరుచుకోకపోతే
వెనక్కి అంటే ఎటు?
లోపలి గాలి ఉబ్బుతోంది.
కనుబొమ పైన ఎవరో దబ్బనం దింపి
తీరిగ్గా తిప్పుతున్నారు.
అరచేయి అటూ ఇటూ ఊపాను, బాగాలేదని.
తిలోత్తమ నా భుజం పట్టుకుంది.
ఒక మీటరు పైకి, అర మీటరు కిందికి.
సిలిండరు ముల్లు ఎడమకి జారుతోంది.
నేనెప్పుడూ ఏ మెట్లూ
అంత నెమ్మదిగా ఎక్కలేదు.
ఎక్కడో కిర్రుమంది.
మాస్కులో నెత్తురు,
మొదట నల్లగా,
పైకొస్తున్నకొద్దీ ఎర్రగా.

పడవమీద అంతోణి అన్న తువ్వాలిచ్చి
అరవంలో ఒక్కటే అడిగాడు:
పొద్దున తుమ్మావా?
ఎన్నిసార్లో చెప్పలేదు.

ఆ తర్వాత పరుపుకి తొడుగు మార్చాను,
స్ప్రే సీసా పళ్ళ బ్రష్షు పక్కన చేరింది,
వాము మూట వేడిచేసి నుదుట కాపుకుంటూ
లెక్కల కాగితాలు దిద్దుతాను.
కొన్ని వారాలు గదులన్నీ తెరుచుకుంటాయి.
అప్పుడు తాడు పట్టుకుని, కాళ్ళు ముందు పెట్టి,
ముడి ముడికీ ఆగుతూ దిగుతాను
మెట్లబావిలోకి కొత్తకోడలు దిగినట్టు.
నాలుగో ముడి దగ్గర ఏ కొంచెం సలిపినా
బొటనవేలు పైకి.
డబ్బు దండగే. తిలోత్తమ ఆదివారం కూడా దండగే.
తను ఏమీ అనదు, అది ఇంకా కష్టం.

ఇవాళ మూడే చుక్కలు.
అయినా వచ్చాను, సూటు తేలేదు.
తిలోత్తమ వీపుతో వెనక్కి దొర్లి మాయమైంది.
తాడు నా చేతిలో.
బుడగలొస్తున్నాయి, గుప్పెడు గుప్పెడుగా,
నిదానంగా ఉన్నాయంటే తను నిదానంగా ఉన్నట్టు.
ఒక్కసారి ఎక్కువొచ్చాయి.
ఏం కనబడి ఉంటుంది?

డీజిల్ పొగ మళ్ళింది. తుమ్మాను.
అంతోణి అన్న చూడకుండానే
నీళ్ళ సీసా ఇటు దొర్లించాడు.
చెప్పులు విడిచి కూర్చున్నాను.