ఒకే ఒర

కోజె దీవి. రాత్రి రెండు.
ఓడల యార్డులో షిఫ్టు దిగి
పీసీ గదిలో నా పక్క సీటుకే వస్తుంది
వెల్డరు బొక్సున్.

కవచం పల్చన, మంత్రం పొట్టి,
రెంటికీ చెడ్డ రేవడి ఈ పాత్ర, అన్నాను.
ఏ దండూ చేర్చుకోదు.
"ఊఁ" అంది, నూడుల్స్ కప్పు మీద మూత నొక్కుతూ.

ఒంటరిగానే గుహలోకి దిగింది.
కుడిచేత్తో కత్తి దూసి
ఎడంచేత్తో అంచు పొడవునా నిప్పు రాసింది,
గీత వంకరపోకుండా.
ఇనుముకి ఎంత వేడి చాలో
ఇరవయ్యేళ్లుగా తెలిసిన చెయ్యి.

మూడుసార్లు చచ్చింది.
నూడుల్స్ ఉబ్బిపోయాయి.

నాలుగోసారి
నా మాంత్రికుణ్ణి ఏదో అడవిలో నిలబెట్టేసి
కుర్చీ ఇటు తిప్పుకున్నాను.