బూటు కొస

అటెండెన్స్ అరవై ఎనిమిది శాతం.
కండొనేషన్ ఫీజు కట్టలేక
మూడ్రోజులు గ్రౌండులో వాలంటీరుగా నిలబడతానని
స్టాటిస్టిక్స్ మేడమ్‌కి రాసిచ్చాను.
అలా వచ్చింది నా చేతికి జెండాల జత,
తెల్లదొకటి, ఎర్రదొకటి.

ట్రిపుల్ జంప్ పలక పక్కన ఇనప కుర్చీ.
పలక అంచున మైనంలాంటి మెత్తటి పట్టీ.
దాని మీద గాటు పడితే ఫౌల్.
"మనిషిని చూడకు, పట్టీని చూడు"
అన్నారు పీడీ సారు. ట్రైనింగు అంతే.

కాబట్టి పొద్దుట్నించీ నేను చూసినవన్నీ పాదాలే.
పాడేరు పిల్ల పాదం నేలని అడిగి మరీ తొక్కుతుంది.
గాజువాక అమ్మాయి పలక రాకముందే
గాభరాపడి చిన్నడుగులేస్తుంది.
వాల్తేరులో ఉండీ సముద్రం కనబడదు ఇక్కడికి,
గాలి మాత్రం లైబ్రరీ సందులోంచి
ఇంత ఉప్పు తెచ్చి పెదాల మీద పెట్టి పోతుంది.
వెదురుపుల్లకి కట్టిన రిబ్బను
(అదే మా గాలి మీటరు)
కాసేపు ఊగి కాసేపు పడుకుంటోంది.

చెస్ట్ నంబరు నూట పద్నాలుగు.
మైలపిల్లి హేమసుందరి, బీకాం రెండో ఏడు,
పెదజాలారిపేట నుంచి
బూట్లు మెళ్లో వేసుకుని నడిచొచ్చింది.
ఎవరో సీనియరు వాడి వదిలేసిన స్పైక్స్,
ఒక సైజు పెద్దవి.
ఇడ్లీ పొట్లం కాగితం చింపి, ఉండలు చుట్టి
బూటు కొసల్లో కుక్కుతుంటే చూశాను.
చెట్నీ మరక కూడా లోపలికెళ్లింది.

మొదటి దూకు పదకొండు నలభై.
రెండోది వేలెడు తక్కువ.
మూడోదానికి వెనక్కి వెనక్కి నడిచి
సున్నం గుర్తు దాటి ఇంకో రెండడుగులు జరిగి
కొంగు లేని నడుము మీద చెయ్యి వేసి నిలబడింది,
వేలంలో ఆఖరి పాట పాడబోయేదానిలా.

పరుగు విన్నాను. చూళ్లేదు.
టక్కుమని పలక.
తొక్కుడుబిళ్లలో గడి దాటినట్టు ఒంటికాలి మీద ఒకటి,
వానాకాలం గెడ్డ దాటినట్టు ఇంకొకటి,
మూడోదానికి
చాలాసేపు
ఏ చప్పుడూ లేదు.
అప్పుడు ఇసక.

పట్టీ మీద గాటు. బియ్యపు గింజంత.
నా చెయ్యి ఎర్రదాన్ని ఎత్తింది.

"ఒరే, సరిగ్గా చూసేవా?" గుంట దగ్గర్నించి లోకనాథం,
దంతెకర్ర ఇసకకి తగలనీకుండా పట్టుకుని.
టేబుల్ దగ్గర సార్లు టీ తాగుతున్నారు.
వాడు ఎందుకో టేపు చీల ఇసకలో గుచ్చాడు.
నేను ఎందుకో రెండో కొస పలకకి లాగాను.
పన్నెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు,
నా బొటనవేలి కింద.
ఎక్కడా రాయలేదు.
దంతె ఒక్కసారి అటూ ఇటూ తిరిగింది, గుంట కొత్తదైపోయింది.

ఆమె వచ్చి మోకాళ్ల మీద కూచుంది.
"ఇది నాదేనా?"
"మీ బూటుది."
లేసులు విప్పి, కొస నొక్కి చూసుకుంది.
లోపల వేలు లేదు. కాగితం ఉండ.
"ఐతే ఫౌలు ఈ ఇడ్లీ పొట్లానికి ఇయ్యండి, నాకేటికి?"
అని నవ్వింది.
ఉండని నా ఒళ్లో పడేసి పోయింది.

మొదటి బహుమతి విజయనగరానికి, పదకొండు నలభై ఆరు.
నా అటెండెన్స్ డెబ్భై ఐదుకి చేరింది.
జెండాలు స్టోర్లో అప్పజెప్పి సంతకం పెట్టాను.

మా హాస్టలు వరండాలో
తొమ్మిదో గది గడప నుంచి నీళ్ల ఫిల్టరు దాకా
సరిగ్గా పన్నెండు నాలుగు. లోకనాథం కొలిచాడు.
రాత్రి దాహమేసి లేచినప్పుడల్లా
చెప్పుల్లేకుండా ఆ దూరం నడుస్తాను.
పదిహేడు అడుగులు పడుతుంది నాకు,
తిరిగొచ్చేటప్పుడు నిద్రమత్తులో పద్దెనిమిది.