కొలతల పుస్తకం

మెడ పదిహేనున్నర. ఛాతీ నలభై.
ఎడమ భుజం కాస్త కిందికి:
గ్రిమ్స్‌బీ రేవులో పదహారేళ్ళప్పుడు
చేపల పెట్టెలు మోసిన భుజం.
నార్మన్ థ్రెల్‌ఫాల్ అంటే
నా పుస్తకంలో ఇంతే.

పదకొండుసార్లు కానిస్టేబుల్ బట్టలు కుట్టాను.
ప్రమోషన్ ఒక్కసారీ రాలేదు.
నాలుగుసార్లు బట్లరు, రెండుసార్లు పాస్టరు,
ఒకసారి శవం.
"ఈ వేషంలో మాట మరిచిపోతానన్న భయం లేదు, మేవిస్"
అన్నాడు, చల్లటి బల్లమీద వెల్లకిలా సర్దుకుంటూ.

తెరమీద పేర్లు పైకి పాకే వేళకి
ఇంటింటా జనం లేచి టీకి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు.
ఆయన పేరు ఎప్పుడూ
కెటిల్ కూత దగ్గరే వచ్చేది.

పని మానేశాక ఒకరోజు హేస్టింగ్స్‌లో, బస్‌స్టాపులో,
సముద్రం మీంచి అడ్డంగా కొట్టే వానలో
ఎవరో పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుంది.
"డాక్టరుగారూ,
మా హారియట్‌ని ఆఖర్న చూసింది మీరే కదూ?"

కాదంటాడనుకున్నాను.
టోపీ తీశాడు.
"నొప్పి తెలియలేదమ్మా తనకి. నిద్రలోనే."
వెనక వరసకి వినపడేలా మాట్లాడ్డం
నలభై ఏళ్ళు సాధన చేసిన గొంతు,
ఆవిడ ఒక్కదానికే సరిపోయేంత.

బస్సొచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది.
ఆయన చాలాసేపు టోపీ పెట్టుకోలేదు.
నేనూ ఏమీ అడగలేదు.

ఆ రాత్రి పుస్తకం తీసి
చివరి కొలతల కింద రాసుకున్నాను:
డాక్టరు. ఒక సీను.
కోటు సొంతం.