మాటాడగలిగినంత మెల్లగా

మొదటిరోజే సీపాన మాస్టారు
మా పదిహేడుమందినీ నాగావళి పాత వంతెన దాకా తోలి
వెనకే స్కూటీ మీద వచ్చి తిట్టారు,
వెనకబడ్డవాళ్లని కాదు.
"బేగెల్లమన్నదెవుడు మిమ్మల్ని?
పక్కోళ్లతో మాటాడుకోనెల్లండి.
మాట ఆగిపోనాదంటే జోరెక్కువైనట్టే."

రెండు క్రెడిట్లకి, పొద్దున్న ఐదింటికి,
పరుగు నేర్పుతారనుకుని చేరాను.

నా పక్కన పడ్డది ఢిల్లీశ్వరి.
ఏడాదిన్నరగా ఒకే క్లాసు, ఒకే మెట్లు,
ఒక్క మాట లేదు మా మధ్య.
మొదటి కిలోమీటరుకి: "ఏటి తిన్నావు?"
రెండో కిలోమీటరుకి: "ఏటీ తిన్లేదు."
మిగతాదంతా బూట్ల చప్పుడు,
మంచులో ఎక్కడో ఇసుక ట్రాక్టరు దగ్గు.

పదిరోజులకి కబురు అరసవల్లి మలుపు దాకా సాగింది.
వాళ్లది భావనపాడు పక్క పల్లె,
ఇసుకలో పరిగెత్తి గట్టిపడ్డ పిక్కలు.
తారు మీద కాలు మరీ తేలికట.
"కిందనుంచి ఏదీ లాగదు, బయ్యమేస్తాది."
దూరాన్ని తను బారల్లో చెప్తుంది.
నా లెక్క ఇడ్లీ వాయిల్లో.
ఏడు రోడ్ల కూడలి దగ్గర మా అమ్మ బండి,
ఒక వాయి దిగేలోపు గ్రౌండు చుట్టూ ఐదు చుట్లు,
పిండి పుల్లబడని చలిరోజుల్లో ఆరు.

మంగళవారాలు మాటల్లేవు.
విజిలు, నాలుగొందల మీటర్లు, విజిలు. ఎనిమిదిసార్లు.
నీళ్ల ట్యాంకు వెనక వాంతి చేసుకుని
నోరు కడుక్కుని మళ్లీ గీత దగ్గరికి.
నా బొటనవేలి గోరు నేరేడుపండైంది.
ఆ రోజుల్లోనే తన ఊపిరి నాకు కంఠతా వచ్చింది:
రెండడుగులకి లోపలికి, రెండడుగులకి బయటికి,
అలిసిపోతే గొంతులో చిన్న 'క్'.

పోటీకి నాలుగు రోజుల ముందు, చివరి దూరం పరుగులో,
"మాయన్న వేరావల్ నుంచి ఫోన్ సేసి..." అని
డొక్క పట్టుకుని ఒంగిపోయింది.
నీళ్లు తాగేసరికి పల్లె బస్సొచ్చింది.

"మూడ్రోజులు కాళ్లకి సెలవు" అన్నారు మాస్టారు.
కాళ్లకి సెలవంటే మాకు మాటలకీ సెలవని
ఆయనకి తెలీదు.
మెట్ల మీద ఎదురైతే తలలూపుకున్నాం.
నిలబడి మాట్లాడ్డం అలవాటు లేదు.

ఐదు వేల మీటర్లంటే పన్నెండున్నర చుట్లు.
ఆ అర చుట్టు ముందే కట్టించుకుంటారు,
గేటు దగ్గర టికెట్టులా.
తుపాకీ పేలగానే అందరూ దొంగలు తరిమినట్టు పోయారు,
ఢిల్లీశ్వరి కూడా.
నేను చివర్నుంచి మూడోదాన్ని.
అమ్మని తలుచుకుని వాయిలు లెక్కపెట్టుకున్నాను.

ఎనిమిదో చుట్టులో ముందునుంచి వినిపించింది: క్.
పక్కకొచ్చాను. పెదాలు తెల్లగా ఉన్నాయి.
ఏమనాలో తెలీక అడిగాను,
"మీయన్న ఏటన్నాడు?"

నవ్వబోయి దగ్గింది.
నాలుగడుగులకో మాట చొప్పున,
"బోటు... పాడైపోనాదట...
ఒడ్డునే... వలలు... కడతన్నాడు...
అయినా... నా బూట్లకి..."

గీత అవతల మాస్టారు గెంతుతున్నారు:
"మాటలాపండే! బేగెల్లండి! బేగి!"
రెండు నెలల్లో మొదటిసారి ఆ మాట ఆయన నోట.

మేం ఆపలేదు. ఆమె రంగు తిరిగొచ్చింది.
చివరి చుట్టు గంట కొట్టాక
బూట్ల డబ్బుల కథ సగంలో వదిలి
ఇసుక కాళ్లు నన్ను దాటుకుని వెళ్లిపోయాయి.
తను ఏడోది. నేను తొమ్మిది.

గడ్డి మీద పడుకున్నాక అడిగాను, "తర్వాత?"
లేసు ముడి పళ్లతో లాగుతూ అంది,
"కూకుని సెప్పడం నాకు రాదే.
సోమారం రా, వంతెన కాడికి."

క్లాసు ఆ రోజుతో ఐపోయింది.
నాలుగున్నర అలారం
నేను తియ్యలేదు.